షెడ్డుకి జారని నేల

(నెల్లితోపు. ఊళ్ళో ఫ్రెంచి జెండా దిగి మన జెండా ఎక్కిన కొత్త రోజులు. యానాం నుంచి బదిలీ మీద వచ్చిన గుమాస్తా రామభద్రరావు అద్దె ఇల్లు. కారు లేని కారు షెడ్డులో ఆయన సాయంత్రాలు కుట్టుమిషన్లు బాగుచేసుకుంటాడు. గుమ్మంలో భార్య భ్రమరాంబ, గుమ్మం బయట పక్కింటి కన్నియమ్మాళ్.)

"...అదే చెప్తున్నాను కన్నియమ్మక్కా, ఈ మనిషితో కాపురం నావల్ల కాదు. పొద్దున్నించీ కాఫీ లేదు, గడ్డం గీసుకోవడం లేదు. నేలమీద గొంతుక్కూర్చుని మూడు సిమెంటు పలకలతో సంసారం చేస్తున్నారు. మా నాన్న నన్ను గుమాస్తాకిచ్చాననుకున్నాడు, పాపం. తాపీమేస్త్రికిచ్చాడు."

"మెల్లిగా అమ్మణ్ణీ. సారు వింటా ఉండారు."

"వినాలనే కదా గుమ్మంలో నిలబడి చెప్తున్నది."

"వింటున్నానే. అక్కడే ఉన్నావు కాబట్టి ఆ చెంబుతో నీళ్ళు తే."

"నీళ్ళెందుకు?"

"ఈ మూడిటి మీదా పోసి చూస్తాను. ఇది తారు. ఇది గరుకు సిమెంటు. ఇది బజార్లో కొత్తగా వచ్చిన నేల పెయింటు. ఏది జారదో, ఏది సుత్తి పడినా పెచ్చులూడదో, ఏది మిషను నూనె పీల్చదో చూసి, అది ఈ షెడ్డంతా వేయించేస్తాను. రా, వచ్చి ఈ పలక మీద కాలు పెట్టు."

"పెడితే?"

"జారతావో లేదో చూస్తాను."

"విన్నావా అక్కా? ఉన్న ఒక్క పెళ్ళాన్నీ పలక మీద నిలబెట్టి చూస్తారట."

"ఉన్న నేలకి ఏమొచ్చింది సారూ? ఎర్ర సిమెంటు, అద్దం మాదిరి ఉండాది."

"అద్దంలా ఉండబట్టే కదమ్మా నువ్వు పడ్డావు."

"అయ్యో, ఆ మాట ఇంకా యాడ వదలతారు మీరు. నేను గిన్నె ఇచ్చిపోదామని వచ్చినా. ఇందా అమ్మణ్ణీ. పులుసు బాగుండె. దినానికొక గిన్నె పంపిస్తా ఉండావు, ఎందుకు నీకీ కష్టం?"

"కష్టమేముంది, మేము తినేదే. లోపలికి రా, గుమ్మం బయటే నిలబడ్డావు."

"వద్దులే. ఈడే ఉంటా."

"మజ్జిగ తాగుతావా?"

"వద్దు. లోపలికి రావాలంటే కాలు ముందుకి పడదు. పడతానని కాదు. సిగ్గు. ఈ షెడ్డులో మీ ఆయుధ పూజకి పళ్ళెం నిండా పొరి తెచ్చినా గదా..."

"మరమరాలు. అదంతా ఇప్పుడెందుకక్కా?"

"...తెచ్చి, గుమ్మం దాటి నాలుగడుగులు వేసినానో లేదో, ఎల్లకిలా పడినా. పొరి అంతా నా వెనకాలే గుమ్మంలోకి వచ్చిన మీ ఆఫీసరమ్మ పట్టుచీర మీద. ఆయమ్మ నవ్వింది. అందరూ నవ్వినారు. నేను కూడా నవ్వినా, చెయ్యి విరిగిందని తెలీక."

"ఎవరూ నవ్వలేదమ్మా."

"నవ్వినారు సారూ. మీరు నవ్వలే. మీరు బయట చెప్పుల కాడ ఎవరినో పలకరిస్తా ఉండారు."

"అక్కా, మజ్జిగ..."

"వద్దంటిని గదమ్మా."

"భ్రమరా, ఆవిడని మజ్జిగతో చంపకు. ఇలా చూడు, తారు ముక్కకి బాగానే పట్టుంది. కాలు కదలదు."

"ఎలా కదుల్తుంది? ఈ ఊరి ఎండకి మెత్తబడి అంటుకుంటుంది. చెప్పులు షెడ్డులోనే ఉంటాయి, మనం ఇంట్లోకి పోతాం."

"పోనీ పెయింటు."

"మీరిందాక సుత్తి పడేస్తే అప్పడంలా లేచింది. దాచేశారు గాని నేను చూశాను."

"అయితే గరుకు సిమెంటే. పచ్చిగా ఉండగా పైన చీపురుతో గీతలు గీస్తే కాలికి పట్టు దొరుకుతుంది. కాస్త నూనె పీలిస్తే పీల్చనీ."

"దాంట్లో ఎర్ర రంగు ఎందుకు కలిపారో అక్కకి కూడా చెప్పండి."

"నువ్వూరుకో."

"నేల మార్చినట్టు వీధిలో ఎవరికీ తెలియకూడదట అక్కా. మారిస్తే పాతది తప్పని ఒప్పుకున్నట్టేనట. అందుకని కొత్తది కూడా ఎర్రగానే ఉండాలట."

"భ్రమరా."

"లేనిది చెప్పానా?"

"లేదు. ఉన్నదే చెప్పావు. సిగ్గుగానే ఉందమ్మా కన్నియమ్మాళ్. ఈ నేల ఏరికోరి వేయించింది నేను. ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాను కూడా. కానీ ఒక్కటి నాకు అంతుపట్టడం లేదు. ఆషాఢంలో వేయించాను. తడికాళ్ళతో తిరిగాను, వానలో గొడుగులు కార్చాను, మిషన్లు ఈడ్చాను. ఒక్కనాడూ జారలేదు. ఆ ఒక్కరోజే ఎందుకు జారిందంటావే భ్రమరా?"

"నన్నడుగుతారేంటి? నేను తాపీమేస్త్రినా?"

"ఊరికే అడిగాను."

"ఊరికే అడిగేవి మీ పలకల్ని అడగండి. పొయ్యి మీద పాలున్నాయి, చూసొస్తాను."

"ఈ వేళప్పుడు పాలేంటే?"

"...లేవు. ఉన్నాయేమో అనుకున్నాను."

"ముందురోజు మిషను నూనె నేనే ఒలికించి ఉంటాను. తుడవడం మర్చిపోయుంటాను. అంతే అయ్యుంటుంది."

"మీరా సారూ? ఒక చుక్క పడితే నాలుగు తూర్లు తుడిచే మనిషి. మీ వల్ల కాదు, నేల వల్ల కాదు. మా ఇంట్లో వేరేగా చెప్తా ఉండారు."

"ఏమని?"

"ఏం లేదులే అమ్మణ్ణీ. పోతా నేను."

"ఆగు. ఏమని చెప్తున్నారు?"

"మా అమ్మకి పెద్ద వయసులో తల తిరిగి పడే జబ్బు ఉండె. నాకూ అదే పట్టుకుందంట. లేకుంటే సమనేల మీద మనిషి ఏంది పడేది అంటాడు మా ఆయన. ఆయన చెప్పేది కూడా నిజమే గదా. ఆడ నీళ్ళు లేవు, అరటితొక్క లేదు. ఊరికే పడినా."

"తంగవేల్ అన్న అలా అన్నాడా?"

"ఆయన ఒకడా. కోడలు పేత్తిని నా చేతికి ఇయ్యదు."

"మనవరాల్నా?"

"ఆమా. ఎత్తుకొని పడతానంట. కట్టు విప్పినాక కూడా ఇయ్యరంట. పూలు కట్టేది ఎడమ చేత్తో నేర్చుకుంటా ఉండా, అది పరవాలే. బిడ్డ ఉయ్యాల్లో ఏడస్తాది, కోడలు వచ్చేదాకా నేను పక్కన కూర్చొని చూస్తా ఉండాల. ఎత్తుకోకూడదు. నాకే ఇప్పుడు బయమైపోయింది సారూ. నిజంగానే ఉందేమో, ఆ జబ్బు. రాత్రి లేస్తే గోడ పట్టుకొని నడస్తా."

"నీకు జబ్బు లేదమ్మా."

"మీకెట్ల తెలుసు?"

"నాకు తెలుసు. జబ్బు నా నేలకి. భ్రమరా, చొక్కా తే."

"ఎందుకు?"

"తంగవేల్ మిల్లు నుంచి వచ్చే వేళైంది. వాళ్ళింటికెళ్ళి అందరి ముందూ చెప్తాను. నూనె నేను ఒలికించాను, మీ ఆవిడ తల తిరిగి పడలేదు అని. ఎర్ర రంగూ వద్దు, దాచడమూ వద్దు. చెప్పొచ్చి ఈ షెడ్డుకి తాళం వేసేస్తాను. ఒకరి చెయ్యి విరగ్గొట్టాక ఇంక ఇందులో కూర్చుని ఏ మిషను బాగుచెయ్యను?"

"తాళం ఎందుకు సారూ? వీధిలో అందరి మిషన్లూ మీ చేతిలోనే గదా నడిచేది. నా వల్లనా మీరు..."

"నీ వల్ల కాదు. అదే చెప్తున్నాను. చొక్కా తేవే, ఇంకా నిలబడ్డావేం?"

"మీరు నూనె ఒలికించలేదు."

"ఏమో, ఒలికించుంటాను."

"లేదు. గుర్తులేని పనికి మీరు అంతమంది ముందు తల వంచడమేంటి? వెళ్ళకండి."

"వెళ్ళకపోతే ఈవిడ బతుకంతా గోడలు పట్టుకుని నడవాలా?"

"అలా కాదు. నేను వెళ్తాను."

"నువ్వెళ్ళి ఏం చెప్తావు?"

"నేలలో ఏ తప్పూ లేదని చెప్తాను."

"మరి?"

"...అక్కా, ఆఫీసరుగారి భార్య వస్తోందని ఆ రోజు తెల్లవారకుండా లేచాను."

"లేచి?"

"మన నేలలాంటిది ఆవిడ ఇంట్లో కూడా ఉండకూడదనిపించింది. గిన్నెడు కొబ్బరినూనె పోసి, మెరిసేదాకా రుద్దాను. ఈయనకి చెప్పలేదు. ముందుగా ఆవిడ అడుగుపెట్టి చూస్తుందనుకున్నాను, నువ్వొచ్చావు."

"నువ్వా అమ్మణ్ణీ?"

"నేనే. తప్పు నాది, నీది కాదు, ఈయనది కాదు. అంతా నీ చుట్టూ మూగి నిన్ను లేవదీస్తుంటే, నేను పక్కన వంగి మరమరాలు ఏరుతున్నట్టు నటిస్తూ ఆ నూనె తుడిచేశాను."