మెడ అచ్చు

మొరాకోలోని ఫెజ్‌లో కఫ్తాన్లనే పొడుగు పెళ్లి గౌన్లు కుట్టే వదిన స్కాన్ సెంటర్ నుంచి రాగానే మెషిన్ ముందు కూర్చుంది. గుడ్డ మీద మెడ అచ్చు పెట్టి సుద్దతో గీస్తున్న ఆడపడుచు తలెత్తింది.

"ఏమన్నారు వదినా?"

"తేలలేదన్నారు. ఎడమ రొమ్ములో తెల్లమచ్చ ఉందిట. చెడ్డదని చెప్పలేరుట, కాదనీ చెప్పలేరుట."

"అయ్యో! మరెలా?"

"రేపు మళ్లీ ఫొటోలు, అల్ట్రాసౌండు. ఆరేళ్ల కిందటి ఎక్స్‌రే ఫిల్ము కూడా తెమ్మన్నారు. మచ్చ అప్పుడూ ఇంతే ఉంటే చాలావరకు భయం లేదుట."

"తీసుకెళ్దాం! ఎక్కడుంది?"

"నీ చేతిలో."

"ఈ మెడ అచ్చా? రొమ్ము ఫిల్ము కోసేశావా?"

"అట్టముక్కతో చేస్తే నెలకే చిరుగుతుంది. ఇది ఆరేళ్లుగా ఈ వీధి పెళ్లికూతుళ్లందరికీ మెడలు కోసింది."

ఆడపడుచు దాన్ని గబగబా కిటికీకి ఎత్తిపట్టింది.

"వదినా, మచ్చ! శనగగింజంత!"

"సుద్ద అయ్యుంటుంది. తుడువు."

"పోలేదు."

మెషిన్ ఆగింది.

"ఉమ్మి రాసి తుడువు. గట్టిగా."

"అస్సలు పోవట్లేదు వదినా!"

"అల్‌హమ్దులిల్లా, దేవుడి దయ. ఇక గోకకు, సంచిలో పెట్టు. మిగతాది డాక్టరమ్మ తేలుస్తుంది. చూశాక అచ్చు మాత్రం తిరిగిచ్చెయ్యమను, శుక్రవారం పెళ్లుంది."