చందమామ మీద ఎర్రచుక్క

తుపాకులకి గురి అద్దాలు చేసే ఫ్యాక్టరీ గేటుకి ఎదురుగా టీకొట్టు, దాని పక్కనే నా కుట్టుమిషను. ఆ సాయంత్రం టీకొట్టు బల్ల మీద చుక్కయ్య గొంతు రోజూకన్నా రెండింతలు లేచింది. ఎందుకో మాకందరికీ తెలుసు. వెనక బల్ల మీద ఫ్యాక్టరీ మేడమ్ కూర్చుని టీ తాగుతోంది. ఫ్యాక్టరీలో కొత్తగా ప్రదర్శన గది తెరుస్తున్నారు. వచ్చినవాళ్ళకి పాత అద్దాలూ కొత్త అద్దాలూ చూపించి కథ చెప్పే మనిషి కావాలి. ఎవరన్నది తేల్చేది ఆవిడే. చుక్కయ్య రిటైరై ఏడాదైనా రోజూ సైరన్ మోతకి గేటు దాకా వచ్చి ఆగిపోతాడు. మాటలు కోటలు దాటే మనిషే గానీ, కాళ్ళు ఆ గేటు దాటే దారి లేదు. మళ్ళీ లోపలికి వెళ్ళాలి, అంతే ఆయన ఆశ.

"రైఫిలు మీద ఎర్రచుక్క అద్దం ఎవరు కనిపెట్టారనుకుంటున్నారు? పెద్ద పెద్ద ఇంజినీర్లని చెప్పుకుంటారు, చెప్పుకోనివ్వండి, మనం గొప్పలకి పోయే మనుషులమా? నేను చేసిందల్లా ఒక్క అద్దం తుడవడం. నాకు చుక్కయ్యని పేరు ఊరికే వచ్చిందా మరి?"

"చెప్పు బాబాయ్," అన్నాడు టీకొట్టాయన.

"అప్పట్లో సిపాయి గురి చూడాలంటే ఎంత యాతనో తెలుసా? వెనక గాడి, ముందు ములుకు, అవతల శత్రువు. ఈ మూడూ ఒక్క వరసలో పెట్టాలి, అదీ ఒక కన్ను మూసి. మన మేస్త్రి సూదిలో దారం ఎక్కిస్తాడు చూడండి, అలాగన్నమాట. కాకపోతే ఈయన సూది ఈయన్ని తిరిగి కాల్చదు. సరే, ఓ రోజు నేను వంపు అద్దం ఒకటి తుడిచి, మెరిసిందో లేదోనని ఎత్తి చూశాను. పక్క మిషను మీది ఎర్రబల్బు ఆ అద్దంలో పడి, చిన్న చుక్కయి, ఆ చివర గోడ గడియారం మీద కూర్చుంది. సరిగ్గా ఏడంకె మీద! తల ఇటు వంచాను, ఏడు మీదే. అటు వంచాను, ఏడు మీదే. రెండు కళ్ళూ తెరిచే ఉన్నాయి నాయనా! నిప్పులోంచి గిల్లి తీసినంత ఎరుపు. ఇదిగో, మేస్త్రి మెడలో ఈ టేపుందే, అచ్చం ఇంత ఎరుపు!"

నా మెడలో టేపు ఆకుపచ్చది. కథ మంచి పట్టులో ఉంది, మధ్యలో రంగుల గొడవ ఎందుకులే అని ఊరుకున్నాను.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ అద్దం రైఫిలుకి బిగించి నా చేతికే ఇచ్చారు. అటుపక్క వరసగా ఆఫీసర్లు. రెండొందల గజాల దూరంలో నాణెం నిలబెట్టారు. చుక్క ఎక్కడుంటే గుండక్కడ, అంతే లెక్క. నాణెం కొట్టడంలో ఏముంది, పిల్లలాట! నాణెం మీద బొమ్మకి ముక్కుంటుంది చూశారూ? ఆ ముక్కు ఎగిరింది. చెంప చెక్కు చెదరలేదు."

"అబ్బో!"

"అప్పుడే అబ్బో అంటే ఎలా? నాలుగొందల గజాల్లో ఈగ వాలింది. ఈగని చంపడం పాపమని దాని ఎడమ మీసం మాత్రం తీశాను. పాపం, అది కుడి మీసం తడుముకుంటూ ఎగిరిపోయింది. ఇక బ్యాటరీ సంగతి. మొదట్లో పూటకొకటి చచ్చేది. నేను తీగ ఓ చుట్టు చుట్టాను, నెల వచ్చింది. ఇంకో చుట్టు చుట్టాను, అయిదేళ్ళు వచ్చింది. మూడో చుట్టు చుట్టాక బ్యాటరీ తీసి జేబులో వేసుకున్నా చుక్క ఆరనని కూర్చుంది!"

చుక్కయ్య బావమరిదీ అక్కడే ఉన్నాడు, కరెంటు పని తెలిసినవాడు. "బ్యాటరీ లేకుండా ఎలా వెలుగుతుంది బావా?"

"అలవాటురా! నీకు నాలుగు నెలలుగా పనిలేదు, అయినా పొద్దున్నే క్యారేజీ పట్టుకుని బయల్దేరడం లేదూ? ఇదీ అంతే."

బావమరిది టీగ్లాసులో మొహం దాచుకున్నాడు. చుక్కయ్య లేచి నిలబడ్డాడు. చేతులు రైఫిలు పట్టుకున్నట్టే పెట్టాడు.

"ఇదే వేళ. చందమామ అప్పుడే పైకొస్తోంది. ఎంత దూరం పోతుందో చూద్దామని చుక్క తీసుకెళ్ళి చందమామ మీద పెట్టాను. కూర్చుంది. రైఫిలు దించేశాను. ఏమైందో తెలుసా? చుక్క దిగి రాలేదు! చందమామ బుగ్గ మీద పుట్టుమచ్చలా ఉండిపోయింది. మూడు రోజులు! ఎక్కడో రెండు సైన్యాలు కొట్టుకుంటూ కొట్టుకుంటూ తలెత్తి చూశాయి. చూస్తూ చూస్తూ తుపాకులు కింద పెట్టేశాయి. ఎవడు ఎటువైపు వాడో మర్చిపోయి, ఒకడి భుజం మీద ఒకడు చెయ్యేసుకుని, 'అదిగోరా, అదిగో' అని చూపించుకున్నారట. ఆఖరికి జనరలే వచ్చి కాళ్ళావేళ్ళా పడితే, పోనీలే పాపమని అద్దం ఒక్కసారి తుడిచాను. అప్పుడు పోయింది చుక్క."

టీకొట్టాయన పోస్తున్న టీ గ్లాసు నిండి బల్ల మీదికి పొంగింది. నిజం చెప్పొద్దూ, నేనూ వీధి చివర పైకొస్తున్న చందమామ వైపు ఓ చూపు చూశాను. శుద్ధ అబద్ధమని తెలుసు. అయినా ఒళ్ళు గగుర్పొడిచింది.

మేడమ్ గ్లాసు కింద పెట్టింది.

"చుక్కయ్యా, మేస్త్రి టేపు ఏ రంగు?"

"ఎరుపు మేడమ్."

"ఆకుపచ్చ."

ఎవ్వరం నవ్వలేదు. ఆవిడ లేచి వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది.

"నిన్ను చెకింగ్ బల్ల మీద కూర్చోబెట్టిన మొదటిరోజు గుర్తుందా? నలభై అద్దాలకి 'చుక్క లేదు' అని చీటీ రాసి వెనక్కి పంపావు. నీ పేరు అలా వచ్చింది. ఆ నలభై నేను మళ్ళీ చూశాను. అన్నింట్లోనూ చుక్క ఉంది. నీ కంటికి ఎరుపు ఆనదు. నీ ఉద్యోగం పోతుందని ఎవరికీ చెప్పకుండా తుడిచే బల్లకి మార్చాను. ముప్పయ్యేళ్ళు వాటి మధ్యే ఉన్నావు. ఆ చుక్కని నువ్వు ఒక్కసారి కూడా చూడలేదు."

చుక్కయ్య చేతుల్లో రైఫిలు లేదని అప్పుడే గుర్తొచ్చినట్టు చేతులు దించాడు. మనిషి సగమైపోయాడు. చూస్తుంటే నాకే ప్రాణం ఉసూరుమంది.

"చూసినవాళ్ళందరూ 'అబ్బ' అనేవాళ్ళు మేడమ్," అన్నాడు నెమ్మదిగా. "నేనూ అనేవాణ్ణి. వాళ్ళు ఎప్పుడంటే అప్పుడు."

మేడమ్ తలెత్తి ఆయన వైపు చూసింది. "నేను రోజుకి రెండొందల చుక్కలు చూసేదాన్ని. నాకు ఆవలింతలు వచ్చేవి. కొత్త మోడల్లో ఆకుపచ్చ చుక్క పెట్టారు. అది నీ కంటికి ఆనుతుంది. సోమవారం పదింటికి గేటు దగ్గరికి రా, నీ పేరు రాయించి ఉంచుతాను. ముందు నువ్వు చూడు. తర్వాత జనానికి చెబుదువుగాని. చందమామని మాత్రం వదిలెయ్."

ఆవిడ సంచీ భుజానికి తగిలించుకుంది. చుక్కయ్య ఆవిడ వెనకే రోడ్డు దాకా వెళ్ళాడు. మాకు వినబడదనుకున్నాడు గానీ వినబడింది.

"మేడమ్, ఒక్కమాట. తల ఇటు వంచినా, అటు వంచినా, ఆ చుక్క నిజంగానే కదలదా?"

"కదలదయ్యా."

"అబ్బ!" అన్నాడు చుక్కయ్య.