బొమ్మకు అక్కర్లేని దిండు

పాత రేసు కార్ల మ్యూజియంలో, చంకలో పాత దిండుతో వచ్చిన ముసలావిడ, కారులో కూర్చోబెట్టిన మైనపు బొమ్మను ఎగాదిగా చూసింది. పక్కనే మేనేజరు నవ్వు పులుముకుని నిలబడ్డాడు.

“ఎవరు బాబూ ఈయన?”

“అదేంటమ్మా, మీవారే. ఛాంపియన్లందరికీ ఒకేరకం కార్లిచ్చి పందెం పెట్టేవారు కదా, అందులో గెలిచిన రోజు.”

“మా ఆయన తల ఏనాడూ కారు కప్పుకి తగల్లేదే.”

“కాస్త పొడుగు పెంచామమ్మా. జనం ఆ రోజుల్ని తలుచుకోడానికి వస్తారు. హీరో హీరోలా ఉండాలి కదా.”

“నేను పంపిన దిండు ఎందుకు తిప్పి పంపావు?”

“కార్లన్నీ ఒకటే అని బోర్డు రాశామమ్మా. ఒక్కదాంట్లో దిండుంటే ఏం బాగుంటుంది?”

“కార్లు ఒకటే గానీ, ఎక్కేవాళ్ల కొలతలు ఒకటి కావు. పందేనికి ముందు తీసే చీటీలో ఏ కారొస్తే ఆ కారుకి మా ఆయన ఈ దిండు మోసుకెళ్లేవాడు. ఇది లేకపోతే ఆయనకి ఆకాశం తప్ప రోడ్డు కనబడేది కాదు. తక్కినవాళ్లు పకపకా నవ్వేవాళ్లు.”

“అందుకేనమ్మా, ఇప్పుడెవరూ నవ్వకుండా...”

“నోరు ముయ్. దీనిమీద కూర్చుని మా ఆయన ఓడించింది ఇదిగో, ఇలాంటి పొడుగువాళ్లనే. ఓడినవాణ్ని తెచ్చి ఆయన సీట్లో కూర్చోబెట్టావు. దించు.”