నూనెలో చూసిన ముఖం

కొడుకు పుట్టిన నక్షత్రం మంచిది కాదని, శాంతి జరిగేదాకా తండ్రిని చూడనివ్వలేదు. నెలనాటి బిడ్డ ముఖాన్ని ఇవాళే, ముక్తేశ్వరంలో అత్తారింట్లో, ముందు నూనెగిన్నెలో చూసి ఆ తర్వాత నేరుగా చూసేడు. అప్పట్నుంచీ గుమ్మం దగ్గరే నిలబడిపోయేడు.

"లోపలికి రండి అల్లుడుగారూ. శాంతి అయిపోయిందిగా, ఇంకా దోషమేంటి?"

"దోషం గురించి కాదండి అత్తయ్యగారూ. ఇందాకట్నుంచి చెయ్యి ఊపుతున్నా వాడు నాకేసి చూడ్డం లేదండి."

"అంత దూరం వాడికి ఇప్పుడే చూపు ఆనదండి."

"మా అక్కనీ అలాగే అనుకున్నారండి. దానికి చూపు లేదని ఏడాది నిండేదాకా ఎవరూ పోల్చుకోలేదు."

ఆవిడ ఒళ్లో బిడ్డని సర్దుకుంది.

"అందుకేనా, రోజూ ఫోన్ చేసి పాలు తాగేడా అనకుండా కళ్లు తెరిచేడా అని అడిగేరు?"

"ఆయ్."

"నాతో ఒక్క ముక్క అనకూడదూ బాబూ? ఇలా కూర్చోండి. పాలు తాగేటప్పుడు తల్లి ముఖం ఎంత దూరమో, ఇప్పుడు వీడి చూపు అంతవరకేనని డాక్టరమ్మ చెప్పింది. వంగండి. ఇంకా. మీ ఊపిరి వాడికి తగలాలి."

"చూస్తున్నాడండి!"

"మెల్లగా తల పక్కకి తిప్పండి."

"కళ్లు నాతోనే వస్తున్నాయండి! కానీ ముఖం కాదండి, మీసంకేసి చూస్తున్నాడు."

"నల్లగా కొట్టొచ్చినట్టున్నదే ముందు కనపడుద్ది. ముఖం నెమ్మదిగా నేర్చుకుంటాడు. అందాకా మీసం తీయించకండి."

అతను నవ్వబోయి, కళ్లు తుడుచుకోడానికి చెయ్యెత్తేడు.

"తుడుచుకోకండి బాబూ. చెయ్యి అడ్డమొస్తే వాడికి మళ్లీ కనపడరు."