కదలని కప్పు

ఆ రంపం కింద పెట్టు ఆదెయ్యన్నా! నా మీద ఎగిరితే ఏమొస్తాది? నేను పడ్డది తక్కువా? మూడేళ్లు! మా ఆయన ఈ పెరట్లో ఒక అరిటిచెట్టు నాటనియ్యలా, కోడిగూడు పెట్టనియ్యలా. ఆకాశం చూసే గది అంట!

నీకు తెలియందేముంది? గోడలు ఆయనే లేపినాడు. నడుమ సిమెంటు దిమ్మె, దానికి బిగించిన దుర్భిణి. దాని అద్దం ఏడాది పొడుగునా నా వంటింట్లోనే అరగదీసినాడు. ఆ గరుకు పొడి పప్పులో పడితే కరకరమంటానే తిన్నాం. పిలకాయలకు సైన్సు చెప్పుకునే సంజీవరావు అయ్యోరికి ఇదేం పిచ్చని ఊరంతా నవ్వలా?

కప్పు మాత్రం నువ్వు చేసినావు. కోట ఊరి రైసుమిల్లులో పాత బండి చక్రాలు తెచ్చి, ఇనప పట్టాల మీద రేకుల కప్పు నిలబెట్టినావు. పక్కకు తోస్తే చాలు, నెత్తిన ఆకాశమే. ఉప్పుగాలికి ఆ చక్రాలు తుప్పు పట్టకుండా వారం వారం ఆముదం పూసిందెవరనుకున్నావు? నేనే!

సరే, తోకచుక్క వచ్చె. తెల్లారుజామున తూర్పున కనపడతాదని పేపర్లో పడింది. ఏం లాభం? అయిదు రోజులు ముసురు. ఆరోనాడు మబ్బు విడిచింది. ఉరుకులు పరుగుల మీద పోయి కప్పు తోసినాడు... కదల్లా! భుజం ఆనించి తోసినాడు. గడ్డపార పెట్టి ఎత్తినాడు. తూర్పు తెల్లబడతా ఉంటే అన్నీ ఆడనే పారేసి సముద్రం ఒడ్డుకు పరిగెత్తినాడు.

తిరిగొచ్చి గడప మీద కూలబడి ఏమన్నాడో తెలుసా? "చూసినా ఎలిశబెతూ. ఊళ్లో అందరూ చూసినట్టే చూసినా." అంతే. చద్దన్నం ముట్టలా.

ఆ ఉడుకులోనే బడికి పోయి నీ పని పనికిరానిదన్నాడు. హెడ్మాస్టరు నీకిస్తానన్న బడి కప్పు పని కామాక్షయ్యకు ఇచ్చె. నీ నోటికాడి కూడు పోయె. అందుకే గదా వచ్చినావు?

ఏందట్ట చూస్తావు? తోసి చూడు. ఊఁ... పోయింది గదా, ఒంటిచేత్తో!

చీకట్లో కనపడకుండా మూల చక్రం కింద చెక్క దిగ్గొట్టింది నేను. ఆయన బడికి పోయినాక పీకేసిందీ నేనే.

అరవబాకన్నా! నెల్లూరు డాక్టరు ఎక్సురే చూసి ఏమన్నాడో నీకేం తెలుసు? ఊపిరితిత్తులు బాగలేవు, మంచులో నిలబడితే మనిషి దక్కడన్నాడు. ఈయన నవ్వి ఆ చీటీ చించి పారేసినాడు. ప్రార్థన చేసినా. కాళ్లు పట్టుకున్నా. వింటేగా! ఇంకేం చేసేది?

చేసి ఏం ఒరిగింది? తోసి తోసి, ఇసకలో పరిగెత్తి, ఆ మంచంతా ఒంటికి పట్టించుకొనే వచ్చె. సాయంత్రానికి జ్వరం. ఇప్పటికి నాలుగు రోజులు, లోపల దగ్గతా పడుకోనుండాడు.

గొంతు తగ్గించమంటావా? ఎందుకు? ముఖం చూసి చెప్పలేకనే ఈడ నిలబడి ఇంత గట్టిగా చెప్తా ఉండా. కిటికీ తెరిచే పెట్టినా.

ఆగు... దగ్గు ఆగింది. విన్నాడు.

ఇంక నువ్వు పో అన్నా. నేను గంజి తీసుకొని లోపలికి పోవాల. తాగుతాడో, మొగాన కొడతాడో!