తలకిందుల శాసనం

ఏరువాక పున్నమికి వారం ముందు, కోటబొమ్మాళి దగ్గర గురమ్మ మడి. గట్టున కట్టిన ఫ్లెక్సీలో ధనరాజు ఫొటో ఎంతుందో, వాళ్ళింటి రాగిశాసనం ఫొటో అంతుంది. అసలు ధనరాజు ఎడ్లకు అడ్డంగా మళ్ళో నిలబడి ఉన్నాడు.

"ఆపే గురమ్మా, కాడి దించు! మా నాగలి పడకుండా ఊళ్ళో ఎవుడి నాగలీ పడకూడదని తెల్దా?"

"తెలిసే కట్టాను బావా. వాన పడి మూడ్రోజులైనాది. పోయినేడు మీ మంచిరోజు వచ్చేసరికి మా మడి పదునారిపోనాది. సగం యిత్తనం మొలవనేదు. ఈయేడు ఆగను."

"ఆగవా? రాజులిచ్చిన హక్కే ఇది! రాగిరేకు మీద రాసున్నాది."

"ఏటి రాసున్నాది?"

"మొదటి సాలు మాదేనని."

"నువ్వు సదివావా?"

"దేవుడి గదిలో పట్టుగుడ్డలో ఉన్నదాన్ని సదువుతారేటే? దణ్ణం పెడతారు. ఈయేడు ఊరంతా సూడాలని ఫ్లెక్సీ కూడా ఏయించాను. అదిగో!"

"సూసాం బావా. మా కోడలు మరీ సూసింది. యూనివర్సిటీలో శాసనాల సదువు కదా దానిది. సెప్పవే అరుణా."

"మావయ్యా, ఫ్లెక్సీలో రేకు తలకిందులుగా పడింది."

"ఏటీ?"

"అక్షరాలు కాళ్ళు పైకెట్టున్నాయి. అటు తిరిగి, మెడ వంచి సూడండి. ఇంకొంచెం. ఆఁ, అలాగ."

"మెడ పట్టేస్తన్నాదే... సర్లే, సదువు. ఉండుండు. గురమ్మా, ఎడ్ల మెళ్ళో గంటలేవీ?"

"సింతపండేసి తోముదామని ఇప్పేసాను బావా. ఎడ్లకేం గాని, నువ్వు శాసనం సూడు."

"మొదటి వరస. కళింగనగరం నుంచి రాజుగారు సెలవిస్తున్నారు..."

"విన్నావా గురమ్మా? రాజుగారు!"

"ఈ భూమికి తూర్పున చీమలపుట్ట. దక్షిణాన ఇప్పచెట్టు..."

"పుట్టలెందుకే, మా పెద్దల పేరు రానీ."

"వస్తాది మావయ్యా. మెడ ఎత్తకండి, వరస తప్పిపోతాది. పడమర వాగు. ఉత్తరాన... ఉత్తరాన..."

"ఉత్తరాన ఏటి?"

"అరిగిపోయింది. ఆఁ, రాళ్ళగుట్ట."

"నిదానంగా సదువు, తొందరేటి."

"నాకేం తొందర్లేదు మావయ్యా. భూమి పుచ్చుకున్నదెవరంటే, గుడిలో దీపాలు ఎలిగించే ఒకావిడ."

"ఆడమనిషా? మరి మావోళ్ళు?"

"లేరు. మొదటి సాలు మాటా లేదు. ఆఖర్న శాపం ఉంది. ఒకరికిచ్చిన భూమికి అడ్డం పడినోడు అరవైవేల ఏళ్ళు పెంటలో పురుగై పుడతాడంట."

"సాల్లే! రేకులో ఉన్నా లేకపోనా ఆచారం ఆచారమే. ముందు మా నాగలి పడాలి, తరవాతే ఎవరిదైనా. కాదంటావా గురమ్మా? ఏటే, మాటాడవు? గురమ్మా! అరుణా, మీ అత్తేదే?"

"మీ ఎనకే ఉన్నాది మావయ్యా, మూడో సాల్లో. కొంచెం గట్టెక్కండి, నాలుగోది మీ కాళ్ళ కిందకే వస్తాది."