రాళ్ళేరినంకనే అన్నం

హలో… ఆ, నేనే. రాజయ్యనే. కొండాపూర్ గ్రౌండు కాడికెల్లి మాట్లాడుతున్న. ఎవరు?… ఓ, తిమ్మప్పన్నా!

జర గట్టిగ మాట్లాడే. ఈడ ఎనక బిల్డింగు కోసం బండ కొడుతున్నరు. మిషన్ సప్పుడుకు సగం మాటే ఇనొస్తున్నది…

ఆ, ఇప్పుడు మంచిగ ఇనొస్తున్నది. ఆదోనిల వానలు పడ్డయా?… మంచిదే. మిల్లు ఏమన్న తెరుస్తరంటున్నరా?… ఇగ తెరువరు లే. నాకెరుకే, ఊకె అడిగిన.

మ్యాచా… ఆ, అయింది. గంట సేపాయె.

మంచిగనే ఆడిన్రు అన్నా.

…మంచిగ ఆడిన్రంటే మంచిగ ఆడిన్రనే. ఎందుకట్ల గుచ్చి గుచ్చి అడుగుతవ్?

ఓడిపోయినం. ఒకటి–సున్న.

అవు, మల్ల ఆఖర్లనే. అయిదు నిమిషాలుందనంగ పడ్డది గోలు… కార్నర్ గాదు. సందీప్ లేడా, ఈడ కొత్తగ తీస్కున్న సికింద్రాబాద్ పోరడు— వాడు మన గోలు ముందటనే బాలు పోగొట్టుకున్నడు. పక్కోనికి ఇయ్యరా అని ఒర్రిన. ఇయ్యలే. ఒక్కడే అందర్ని దాటిపోదమనుకున్నడు.

ఎన్నా? ఎన్నో నీకెరుక లేదా… వరుసగ ఇరవై ఓటములు అన్నా. మీ మిల్లు టీముకు నువ్వు కోచున్నప్పుడు పద్నాలుగు. మా సాఫ్ట్‌వేర్ కంపెనీ కొనుక్కొని ఈడికి తెచ్చి నన్ను కోచు జేసినంక ఆరు. పద్నాలుగు నీయి, ఆరు నాయి.

…కోపమెందుకే? ఉన్న మాట జెప్పిన. ఊరు మార్చినం, అంగీలు మార్చినం. పేరు మార్చి కొత్తగ మొదలువెడతమంటే లీగోళ్ళు ఏమన్నరు? కొత్త టీమైతే అట్టడుగు లీగుల చేరుండ్రి, పెద్ద లీగు కావాల్నంటే పాత ఓటములు గూడ మీయే అన్నరు. ఇల్లు కొన్నంక బూజు గూడ మనదే గద.

ఆ… వచ్చే ఐతారమే ఆఖరిది. అది గూడ పోతే కిందికి నూకుతరు. …నాకెందుకు తెల్వదు? రెండేండ్లల్ల ఒక్కటన్న గెల్వకుంటే ఎవడు ఉంచుకుంటడు!

ఏం జెప్పాలె అన్నా… యాష్టొచ్చింది, పానం ఇసిగిపోయింది. కండ్లు మూస్తె బాలే కనవడుతది, కండ్లు తెరిస్తె కంపెనీ ఎండీ సార్ కనవడుతడు.

శివశంకరా? నీ కొడుక్కేమైందే, మంచిగున్నడు… మోకాలు తగ్గింది. ఇయ్యాల పూర మ్యాచు ఆడిండు… ఆ, ఆదోని పోరగాండ్లు అయిదుగురు పుప్పాలగూడ కాడ ఒక్కటే రూముల ఉంటున్నరు. జొన్నరొట్టె దొరుకతలేదని పరేషాన్ అయితున్నరు, గంతే.

…ఏం లేదు. గొంతు గట్లనే ఉన్నది, ఒర్రి ఒర్రి.

…అన్నా, ఒక ముచ్చటున్నది. ఇయ్యాల నువ్వు ఫోన్ జెయ్యకుంటే బాగుండు అనుకుంట కూసున్న.

ఎండీ సార్ జాబితా అడిగిండు… ఎవరి వల్ల ఓడుతున్నమో పేర్లు రాసియ్యమన్నడు. వాళ్ళని ఇంటికి పంపి కొత్తోళ్ళని తెస్తడంట. ఆరు గంటలకు కాయిదం ఆయన టేబుల్ మీద ఉండాలె…

నేనేం రాసేదున్నదే? పేర్లు ఆయనే టైపు కొట్టిచ్చి పంపిండు. నాది సంతకమే… అయిదు పేర్లు.

…అవు. ఆదోని అయిదుగురు.

ఓడుడు వాళ్ళకు అలవాటైందంట. అంటురోగం లెక్క మిగిలినోళ్ళకు గూడ అంటుకుంటదంట. మేము జీతమిచ్చేది గెలువనీకి గని ఓడనీకి గాదు అన్నడు…

అవు అన్నా. శివశంకర్ గూడ.



…ఏందీ? ఏమంటున్నవే! నీ కొడుకు పేరు కాయిదంల ఉంచి మిగిలిన నలుగురి పేర్లు కొట్టెయ్యాల్నా? ఇదేమన్న కూరగాయల బేరమా, ఒకటి తీస్కొని నాలుగు ఇడిచిపెట్టనీకి?… ఆ నలుగుర్ల శ్రీనివాసులుకు బిడ్డ పుట్టి నెలన్న గాలేదని నాకెరుక లేదా? నేను గూడ ఆ పిల్లని ఎత్తుకున్న…

ఉండు. జర నన్ను జెప్పనియ్యి. ఇంకో సంగతున్నది, అది ఇంటే నువ్వు తిడ్తవ్.

రాళ్ళ సంగతి.

…ఆ, గదే. మీ ఆదోని టీము రివాజు, ఓడిననాడు గ్రౌండుల రాళ్ళేరుడు. నేనే బందు వెట్టిచ్చిన.

…తిట్టు. తిట్టు అన్నా, తిట్టించుకుంట. గని ఎందుకు వెట్టిచ్చిన్నో గూడ ఇను. ఈడికొచ్చి మొదటి మ్యాచు ఓడిననాడు నీ పోరగాండ్లు నీళ్ళు గూడ తాగకుంట వంగి రాళ్ళేరవట్టిన్రు. అన్నం పెడితే ‘రాళ్ళేరినంకనే అన్నం సార్’ అన్నరు. ఆనాడు ఎండీ సార్ ఎంట ఎవరో పెద్ద పెద్ద గెస్టులొచ్చిన్రు. పైన అద్దాలల్లకెల్లి అందరు సూస్తున్నరు. ఆటగాండ్లకు ఇజ్జత్ ఉండదా, కూలోళ్ళ లెక్క గిదేం శిక్ష అనుకున్న. మా ఊరి సత్తెమ్మని పెట్టిన, రాళ్ళేరనీకి. మీరు లేచి మీటింగుకు రాండ్రి అన్న…

ఏసీ రూమే. బోర్డు మీద గీతలు గీసి, ఎవరు యాడ తప్పు జేసిన్రో జెప్పుండ్రి అంటే ఒక్కడు నోరిప్పడు! బూట్ల దిక్కు సూసుకుంట కూసుంటరు. ఆరు ఓటములకు అయిదు మీటింగులు… ఆదోనోళ్ళు ఒక దిక్కు, ఈడ తీస్కున్న పట్నపోళ్ళు ఒక దిక్కు. అన్నం గూడ ఎవరిది వాళ్ళదే.

…నువ్వు జెప్పలే గద, గది ఎందుకు జేస్తరో.

…నేనడగలే. అవు. అడగలే.

ఇయ్యాల ఆరో మీటింగు. పోయి కూసున్న. ఎవడు రాలే. పావుగంట సూసిన, అరగంట సూసిన. కోపమొచ్చి, ఇయ్యాల ఒక్కొక్కని సంగతి జెప్తనని గ్రౌండుకొచ్చిన… వచ్చి సూస్తె మీ అయిదుగురు వంగి ఏరుతున్నరు. ఒక్క కాడ లేరు, ఒక్కొక్కడు ఒక్కొక్క కాడ. నీ శివశంకర్ గోలుకు ఎడమ దిక్కున కూసున్నడు. సరిగ్గ ఆడనే వాడు అడ్డం పోవాల్సుండె, పోలే…

అప్పుడు సమజైంది. ఎవడు యాడ తప్పు జేస్తే ఆడికెల్లే ఏరుడు మొదలుపెట్టాలె, గంతేనా?… గంతేనా! ఎవడు ఎవన్ని ఏమనేది లేదు. నీ తప్పు నువ్వే పోయి సూపెట్టుకోవాలె.

గింత సంగతి సత్తెమ్మకు మొదటినాడు సూసినప్పుడే తెలిసిందంట. ‘నీకిప్పుడు ఎర్కైందా బిడ్డా’ అని నవ్వింది.

…ఇను, అయిపోలే. సందీప్ సంచి బుజానికేసుకొని పోవట్టిండు. గేటు దాక పోయిండు. మల్ల ఎనక్కొచ్చిండు. సీదా బాలు పోగొట్టుకున్న కాడికి పోయి, సంచి కింద వెట్టి, వంగిండు అన్నా.

నువ్వు నమ్ముతవా? మూడు వేల జీతం ఎక్కువ అడిగి చేరిన పోరడు!

వాన్ని సూసి పట్నపోళ్ళు గూడ ఒకరెనక ఒకరు… నీ కొడుకు లేచి సందీప్ పక్కకు పోయి కూసున్నడు. ఇగ మెల్లగ మాటలు మొదలువెట్టిన్రు. చేతులతోని సూపెట్టుకుంట, నువ్విట్ల వస్తె నేనట్ల పోదును అని… అయిదు మీటింగులల్ల నేను మాట్లాడియ్యలేకపోయిన అన్నా వాళ్ళని.

ఏడుపొచ్చింది నాకు. అబద్ధమెందుకు జెప్పాలె.

…ఆ, ఇంక ఏరుతనే ఉన్నరు. కిటికీలకెల్లి కనవడుతున్నరు…

ఒక్క నిమిషం అన్నా— రాండ్రి కామేశ్వరరావు సార్. కూసోండ్రి… కాయిదం ఈడనే ఉన్నది సార్. రెండు నిమిషాలు.

అన్నా, ఆఫీసు మేనేజరు సార్ వచ్చిన్రు. కాయిదం కోసమే…

లేదు, సంతకం ఇంక పెట్టలే.

…నా నౌకరి గురించి నువ్వెందుకే ఫికర్ జేస్తవ్? నీ కొడుకు పేరున్న కాయిదమే అది. నువ్వే సంతకం పెట్టుమంటవా!… ఉండు. నువ్వు పద్నాలుగు ఓడినవ్. ఒక్కసారన్న ఎవని పేరన్న రాసిచ్చినవా?… మరి ఆరు ఓడి నేనెట్ల రాస్త?

—సార్, గిదిగో, కాయిదం తీస్కపోండ్రి… ఆ, సంతకం లేదు సార్. ఎరుకే… ఐతారం నాడు ఈ పదారు మందే ఉంటరని జెప్పుండ్రి. ఎవరి వల్ల ఓడినమని అడిగితె, ఆ ముచ్చట రాజయ్యే వచ్చి జెప్తడని జెప్పుండ్రి… కోపం రానియ్యి సార్. రేపు పొద్దుగాలనే వస్త నేను.

…పోయిన్రు అన్నా. తలకాయ ఊపుకుంట పోయిన్రు.

భయమైతలేదా అంటే ఎందుకైతలేదు? అయితున్నది. ఐతారం గెలుస్తమని గూడ నాకు నమ్మకం లేదు. ఓడితె అందరం కలిసే పోతం.

…నీయి పద్నాలుగు, నాయి ఆరు అన్నది మనసుల వెట్టుకోకు. తప్పైంది. ఇరవై మనయే.

అన్నా, ఒక్కటి అడుగుత. మీ కాడ కోచ్ గూడ ఏరేటోడా?… పద్నాలుగు సార్లు? గా నడుం నొప్పితోని?

మరి నేను యాడ ఏరాలె? నేను గ్రౌండుల దిగలే గద…

…

ఆ.

…బయటి గీత కాడ. నా కుర్సీ ఏసుకున్న కాడ.

ఆడ శాన రాళ్ళున్నయ్ అన్నా. ఇన్ని దినాలు ఎవడు ఏరలే.

ఉంట మరి. పొద్దు వోతున్నది, అందరు ఇంక ఆకలితోనే ఉన్నరు… పెట్టేస్తున్న.